ఖుర్ఆన్‌లో ‘అందరూ’ అని ఉంటే నిజంగా అందరూనా?

అస్సలాము అలైకుమ్. ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీరు తెలుగు అనువాదంలో ఖుర్ఆన్ చదువుతున్నారు. ‘ప్రజలారా’, ‘విశ్వసించినవారలారా’, ‘ముష్రిక్కులు’ (బహుదైవారాధకులు) లాంటి మాటలు వచ్చినచోట అవి లోకంలో అందరికీ వర్తిస్తాయా, ఆ రోజుల్లో మక్కా మదీనాల్లో ఉన్నవాళ్లకేనా అని అడిగారు. ఆడవాళ్లు అందులో ఉన్నారా లేరా అని కూడా అడిగారు. ఫలానా మనిషి గురించి దిగిన ఆయతు (ఖుర్ఆన్ వాక్యం) ఆ మనిషికేనా అని, తౌబా సూరా (అధ్యాయం) 5వ ఆయతు సంగతేమిటని, పండితులు ఒక్క మాట మీద ఎందుకు లేరని, అరబీ రానివాళ్లం ఏం చేయాలని కూడా రాశారు. పైగా, "ఎవరికి కావలసినట్టు వాళ్లు ఒక ఆయతుని సాగదీస్తారు, ఇంకోదాన్ని కుదించేస్తారు, దీనికి రూల్ అంటూ ఉందా?" అన్నారు.

రూల్ ఉంది. మాట అందరినీ కలుపుకునేలా ఉంటే అందరికీ వర్తిస్తుంది. దాన్ని కుదించాలంటే కుదించేవాళ్లే ఆధారం చూపించాలి. అలాగని, ఆ ఆధారం ఎక్కడైనా ఉందేమో వెతక్కుండా ఒక్క ఆయతు పట్టుకుని తీర్పు చెప్పకూడదు. ఈ రెండు వైపులూ కలిస్తేనే రూల్. గొడవలన్నీ ఒక సగం పట్టుకుని రెండో సగం వదిలేసేవాళ్ల వల్లే.

నేను కర్నూలులో ఆడపిల్లల మదర్సాలో పదిహేడేళ్లుగా ఉసూలె ఫిఖ్హ్ (ధర్మ నియమాలు ఎలా తీస్తారో చెప్పే శాస్త్రం) చెబుతున్నాను. ముఫ్తీని కాను, ఫత్వాలు (ధర్మపరమైన తీర్పులు) ఇవ్వను. ఫత్వా ఎలా తయారవుతుందో పిల్లలకు నేర్పడం నా పని. అందులో మొదట వచ్చే పాఠాలు ఇవే: అందరినీ కలుపుకునే మాట ‘ఆమ్’, ఫలానా ఒకరికో ఒక గుంపుకో పరిమితమైన మాట ‘ఖాస్’, ఆమ్ మాటలోంచి కొందర్ని తీసేయడం ‘తఖ్సీస్’. ఢిల్లీ ఎర్రకోటలో దీవానె ఆమ్, దీవానె ఖాస్ అంటారు చూడండి, ఆ రెండు మాటలే ఇవి.

ఒక మాట ఆమ్ అని ఎలా గుర్తుపడతాం? అరబీలో దానికి గుర్తులున్నాయి. ‘కుల్ల్’ అంటే ప్రతి, ‘మన్’ అంటే ఎవరైనా, ‘మా’ అంటే ఏదైనా, ‘అల్లజీన’ అంటే ఎవరైతే వాళ్లు. బహువచనం ముందు ‘అల్’ (ఇంగ్లీషు ‘ది’ లాంటిది) చేరినా అది ఆమ్ మాటే. లేదు, కాదు అనే మాట తర్వాత ‘అల్’ లేని నామవాచకం వచ్చినా ఆమ్ మాటే. "లా ఇక్‌రాహ ఫిద్దీన్" (బఖరా 256) తీసుకోండి. ‘ధర్మంలో బలవంతం లేదు’ అని తెలుగులో మామూలుగా చదివేస్తాం. అరబీలో ఆ ‘లా’ పక్కన ‘ఇక్‌రాహ’ అని వచ్చేసరికి ఏ రకం బలవంతమూ, ఎంత కొంచెమైనా లేదు అని అర్థం సాగుతుంది. ఇంకో గుర్తు నాకు చాలా ఇష్టం. ‘తప్ప’ అని ఎవర్నైనా మినహాయించారంటే, ముందున్న మాట అందరినీ కలుపుకునేదే అయ్యుండాలి. అస్ర్ సూరాలో "మనిషి నష్టంలో ఉన్నాడు" అని ఏకవచనంలో ఉంటుంది. వెంటనే "విశ్వసించి సత్కార్యాలు చేసినవారు తప్ప" అని వస్తుంది. ఒక్క మనిషిలోంచి ఇంతమందిని ఎలా మినహాయిస్తారు? అంటే అక్కడ ‘మనిషి’ అన్నది మనుషులందరూ. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో పిల్లల ముఖాలు వెలిగిపోతాయి, ప్రతి ఏడూ చూస్తుంటాను.

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. ఇది నేను కాస్త ఎక్కువగానే చెప్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న నా క్లాసులో పద్నాలుగేళ్ల పిల్ల అడుగుతుంది, అరవై ఏళ్ల పెద్దావిడా అడుగుతుంది.

సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఒక హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం) ఉంది. ప్రవక్త (స, అంటే ఆయనపై శాంతి కలుగుగాక) భార్య ఉమ్మె సలమా (రజి, అంటే అల్లాహ్ ఆమె పట్ల ప్రసన్నుడగుగాక) ఒకరోజు ఇంట్లో కూర్చుని ఉన్నారు, ఒక అమ్మాయి ఆమెకు తల దువ్వుతోంది. మస్జిదులోంచి ప్రవక్త (స) గొంతు వినిపించింది: "అయ్యుహన్నాస్!" (ప్రజలారా!). వెంటనే ఆమె "కాస్త తప్పుకో" అన్నారు అమ్మాయితో, లేచి వెళ్లి వినడానికి. ఆ అమ్మాయి అంది: "ఆయన మగవాళ్లని పిలిచారు, ఆడవాళ్లని పిలవలేదు కదా." ఉమ్మె సలమా జవాబు అరబీలో మూడే మాటలు: "ఇన్నీ మినన్నాస్." నేనూ ప్రజల్లోని దాన్నే.

ఉసూల్ శాస్త్రం పుస్తకాలకెక్కడానికి చాలా ముందే, సగం దువ్విన తలతో ఒక స్త్రీ ఆమ్ మాట ఎంతవరకు వర్తిస్తుందో తేల్చి చెప్పేశారు. ‘నాస్’ అన్న మాటలో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు, అందులో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. ‘మన్’ కూడా అంతే. నహ్ల్ సూరా 97వ ఆయతులో "మన్ అమిల సాలిహన్" (ఎవరు మంచిపని చేసినా) అని, ఆ వెంటనే "పురుషుడైనా స్త్రీ అయినా" అని విప్పి మరీ చెప్పారు.

భేదం ఉన్నది ‘ముస్లిమూన్’, ‘మూమినూన్’ లాంటి పుంలింగ బహువచనాల దగ్గర. అరబీలో ఆడవాళ్లకు వేరే రూపం ఉంది: ముస్లిమాత్, మూమినాత్. అందుకని కొందరు ఉసూల్ పండితులు, ఆ పుంలింగ రూపంలో భాషాపరంగా స్త్రీలు చేరరు, వేరే ఆధారాల వల్ల ఆదేశంలో చేరతారు అన్నారు. మరికొందరు, మగా ఆడా కలిసిన గుంపుని పుంలింగంలోనే పిలవడం అరబ్బుల వాడుక కాబట్టి మాటలోనే చేరతారు అన్నారు. దారులు రెండైనా చేరే చోటు ఒక్కటే: నమాజు, రోజా (ఉపవాసం), జకాత్ (విధిగా ఇచ్చే దానం) ఆదేశాల్లో స్త్రీలు ఉన్నారు. మగవాళ్ల గురించి వచ్చినట్టు మా గురించి ఎందుకు రావడం లేదని ఈ ఉమ్మె సలమాయే ప్రవక్తను (స) అడిగారనీ, దాని తర్వాతే అహ్‌జాబ్ సూరా 35వ ఆయతు దిగిందనీ హదీసుల్లో ఉంది. ఆ ఆయతులో పది గుణాలు వరసగా వస్తాయి, ప్రతి గుణానికీ పురుషులు, స్త్రీలు అని జంటగా.

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ‘వారు’ అంటే ఆడా మగా ఇద్దరూ. ‘విశ్వసించినవారు’ అనగానే ఉమ్మె సలమా ప్రశ్నకి చోటే ఉండదు. కానీ ఏకవచనానికి వచ్చేసరికి జాగ్రత్త కావాలి. ‘మన్’ని ‘ఎవడైతే’ అని రాస్తే సగం మంది బయటికి పోతారు, ‘ఎవరైతే’ అని రాస్తే ఉంటారు. తెలుగులో రాసే మా పిల్లల నోట్సులో నేను ఎర్ర పెన్నుతో ఎక్కువసార్లు దిద్దేది ఈ ఒక్క అక్షరమే.

అలాగని ‘విశ్వసించినవారలారా’ అన్న ప్రతిచోటా ప్రతి ఆదేశమూ స్త్రీలకు ఫర్జ్ (తప్పనిసరి) అయిపోదు. జుముఆ సూరా 9వ ఆయతు, శుక్రవారం అజాన్ వినగానే నమాజుకి త్వరపడండి అంటుంది. మాట ఆమ్. అయితే అబూ దావూద్ సంకలనంలోని హదీసు బానిస, స్త్రీ, పిల్లవాడు, రోగి ఈ నలుగురికీ ఆ ఫర్జ్ లేదని చెప్పింది. అది తఖ్సీస్. చూడండి, మినహాయించడానికి ఆధారం చూపించారు. ‘అప్పట్లో ఆడవాళ్లు ఇంట్లోనే ఉండేవాళ్లు కదా’ అన్న ఊహ ఆధారం కాదు.

ఇక ‘అందరూ’ అని ఉండి కూడా అందరూ కాని చోట్లు. ఇమామ్ షాఫిఈ (మరణం క్రీ.శ. 820) తన ‘రిసాలా’ అనే పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పారు. ఆయన చూపించిన ఉదాహరణ ఆలె ఇమ్రాన్ 173. "ప్రజలు వారితో, ప్రజలు మీకు వ్యతిరేకంగా సమీకృతమయ్యారు అన్నారు." ఉహుద్ యుద్ధం తర్వాతి సంగతి ఇది. ఒక్క వాక్యంలో మూడు గుంపులున్నాయి: కబురు చెప్పిన ‘ప్రజలు’, సమీకరణ అయిన ‘ప్రజలు’, ఆ కబురు విన్నవాళ్లు. మూడింట్లో ఏ ఒక్కటీ లోకంలోని ప్రజలందరూ కాదు. చెప్పినవాళ్లు కొద్దిమంది, సమీకరణ అయింది మక్కా సైన్యం. మనం కూడా "ఊరంతా అనుకుంటోంది" అంటాం, ఊరంతా అనుకోదు కదా. అక్కడ మాట ఆమ్, ఉద్దేశం మొదట్నుంచీ ఖాస్. అహ్‌కాఫ్ 25లో ఆద్ జాతి మీదికి వచ్చిన గాలి "ప్రతి వస్తువునూ నాశనం చేస్తుంది" అని ఉంటుంది, అదే ఆయతులో "వారి ఇళ్లు తప్ప ఏమీ కనబడలేదు" అని కూడా ఉంటుంది. హద్దు పక్కనే ఉంది, చదివేవాళ్లు ఆగి చూడాలంతే.

హద్దు కొన్నిసార్లు పక్కన ఉండదు, వేరే సూరాలో ఉంటుంది. ఈ విషయం నాకు బాగా దగ్గరగా తెలిసింది ఒక ఫోన్ వల్ల. మూడేళ్ల కిందట, ఇంజినీరింగ్ చదివే ఒక అబ్బాయి వాళ్ల అక్క ద్వారా నా నంబర్ తీసుకుని రాత్రి పది దాటాక చేశాడు. గొంతు వణుకుతోంది. అన్ఆమ్ సూరా 82 చదివాడట: "విశ్వసించి, తమ విశ్వాసాన్ని ఏ ‘జుల్మ్’తోనూ కలగాపులగం చేయనివారికే భద్రత." జుల్మ్ అంటే అన్యాయం. "మేడమ్, నేను మా నాన్న దగ్గర అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నాను. అది జుల్మే కదా, అయితే నాకు ఇక భద్రత లేనట్టేనా?" అని ఏడుస్తున్నాడు. రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర లేదట.

ఆ అబ్బాయి చదివిన తీరు తప్పు కాదు. కాదు అన్న మాట తర్వాత వచ్చిన జుల్మ్ కాబట్టి, రూల్ ప్రకారం చిన్నా పెద్దా అన్ని అన్యాయాలూ అందులోకి రావాలి. సహాబాలు (ప్రవక్త సహచరులు) కూడా సరిగ్గా ఇలాగే విన్నారు, ఇలాగే బెంబేలెత్తారు. "మాలో తనకు తాను అన్యాయం చేసుకోనివాడు ఎవడున్నాడు?" అని ప్రవక్తను (స) అడిగారు. ఆయన, మీరనుకున్నది కాదు అని చెప్పి, లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పిన మాట గుర్తుచేశారు: "షిర్క్ (అల్లాహ్‌కి సాటి కల్పించడం) చాలా పెద్ద జుల్మ్" (లుఖ్మాన్ 13). అంటే అన్ఆమ్‌లోని మాటకి హద్దు లుఖ్మాన్ సూరాలో ఉంది. ఇది బుఖారీ, ముస్లిం సంకలనాలు రెంటిలోనూ ఉన్న హదీసు. ఆ అబ్బాయికి ఇదంతా చెప్పి, డబ్బు సంగతి మాత్రం పొద్దున్నే నాన్నకి చెప్పేయమన్నాను. చెప్పాడని వాళ్లక్క తర్వాత అంది.

మీ ప్రశ్నలో రెండో ముక్క: ఆయతు ఫలానా మనిషి గురించి దిగితే అది ఆ మనిషికేనా? కాదు. లెక్క మాటకున్న విస్తృతిని బట్టి, దిగిన సందర్భాన్ని బట్టి కాదు. ఎక్కువమంది పండితుల మాట ఇదే. ఖౌలా బిన్తె సఅలబా (రజి)ని ఆమె భర్త "నువ్వు నాకు మా అమ్మ వీపులాంటిదానివి" అన్నాడు, అంటే తల్లిలాగే నువ్వూ నాకు నిషిద్ధం అని. అప్పట్లో అలా అంటే భార్యని గాల్లో వేలాడదీసినట్టే. ఆమె వచ్చి మొరపెట్టుకుంటే ముజాదలా సూరా మొదటి ఆయతులు దిగాయి. సందర్భం ఒక్క ఇల్లు, మాట మాత్రం "మీలో ఎవరైతే అలా అంటారో". కాబట్టి ఆ తీర్పు అందరిదీ. ఇంకో హదీసులో ఒకతను పరాయి స్త్రీని ముద్దు పెట్టుకుని పశ్చాత్తాపంతో వస్తే, "మంచిపనులు చెడ్డపనుల్ని తొలగిస్తాయి" అన్న హూద్ 114 దిగింది. "ఇది నాకు మాత్రమేనా?" అని అతనే అడిగాడు. "నా ఉమ్మత్ (అనుచర సమాజం) మొత్తానికి" అన్నారు ప్రవక్త (స). మీరడిగిన ప్రశ్న సాక్షాత్తూ ఆయన్నే అడిగేశారన్నమాట.

అయితే సందర్భం పనికిరాదని కాదు. ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలియకపోతే మాట విస్తృతి ఎంతో కూడా తెలియదు. మీరు రాసిన తౌబా 5 అలాంటిదే. "ముష్రిక్కులు కనిపించినచోట చంపండి" అన్న ఆ ఒక్క ముక్క వాట్సాప్‌లో నాకూ ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంది, ముస్లింల నుంచీ వస్తుంది, ముస్లిం కానివాళ్ల నుంచీ వస్తుంది. దీని గురించి సూటిగా చెప్తాను. అక్కడ ‘అల్’ ఉంది. ‘అల్’ రెండు పనులు చేస్తుంది: ఒకచోట జాతి మొత్తాన్ని కలుపుతుంది, ఇంకోచోట ఇప్పుడే చెప్పుకున్న ‘ఆ’ మనుషుల్ని చూపిస్తుంది. సూరా మొదటి ఆయతు నుంచీ మాట నడుస్తున్నది ముస్లింలతో ఒడంబడిక చేసుకున్న అరబ్ తెగల గురించి. 4వ ఆయతు, ఒడంబడిక తప్పనివాళ్లని మినహాయించింది. 6వది, ముష్రిక్కుల్లో ఎవరైనా శరణు కోరితే శరణివ్వమంది, అంతటితో ఆగకుండా అతనికి భద్రమైన చోటుకి చేర్చమంది. 7వది, వాళ్లు మాట మీద నిలబడినంతకాలం మీరూ నిలబడండి అంది. 13వది, ప్రమాణాలు భంగపరిచి మొదట దాడికి దిగినవాళ్లని చూపించింది. వీటికి తోడు ఒక యుద్ధంలో చనిపోయి పడి ఉన్న స్త్రీని చూసి ప్రవక్త (స) స్త్రీలనూ పిల్లలనూ చంపడాన్ని నిషేధించిన హదీసు. ఇన్ని హద్దులు చుట్టూ ఉండగా అయిదో ఆయతుని ఒక్కదాన్నే కత్తిరించి తెచ్చి ‘చూడండి ఏముందో’ అనడం చదవడం కాదు. భయపెట్టడానికి అలా చేసినా, రెచ్చగొట్టడానికి చేసినా తప్పు ఒక్కటే. తొలి కాలంలోనే ఖవారిజ్‌ల (తమతో ఏకీభవించని ముస్లింలని అవిశ్వాసులన్న ఒక వర్గం) గురించి ప్రవక్త సహచరుడు ఇబ్నె ఉమర్ (రజి) అన్న మాట బుఖారీలో ఉంది: అవిశ్వాసుల గురించి దిగిన ఆయతుల్ని తీసుకెళ్లి వాళ్లు విశ్వాసుల మీద పెట్టారని. ఆమ్ మాటని తప్పుగా సాగదీస్తే మనుషుల ప్రాణాలు పోతాయని మన చరిత్ర మొదట్లోనే తెలిసింది.

పండితులు ఒక్క మాట మీద లేకపోవడానికి కారణం కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. హనఫీల (ఇమామ్ అబూ హనీఫా దారివాళ్ల) దృష్టిలో ఖుర్ఆన్‌లోని ఆమ్ మాట అందరినీ కలుపుకుంటుందన్నది ఖచ్చితం, కాబట్టి ఒక్కరో ఇద్దరో చెప్పిన హదీసుతో మొదటిసారే దాన్ని కుదించరు. మిగతావాళ్ల దృష్టిలో అది బలమైన అంచనా మాత్రమే, సరైన హదీసు దొరికితే కుదిస్తారు. "అల్లాహ్ పేరు తీసుకోనిదాన్ని తినకండి" (అన్ఆమ్ 121) అన్నచోట, కోసేటప్పుడు కావాలని పేరు తీసుకోకపోతే ఆ మాంసం తినకూడదన్నారు హనఫీలు. షాఫిఈలు (ఇమామ్ షాఫిఈ దారివాళ్లు) పేరు తీసుకోవడం సున్నతే (చేస్తే మంచిది, తప్పనిసరి కాదు) అన్నారు.

మన దగ్గర ఇది రొయ్యల దాకా వచ్చింది. 2018 మొదట్లో హైదరాబాద్‌లోని ఇస్లామీ విద్యాసంస్థ జామియా నిజామియా నుంచి రొయ్యలు మక్రూహ్ (తినదగనివి) అని ఫత్వా వస్తే పేపర్లు, టీవీలు నిండిపోయాయి. చాలామంది నవ్వుకున్నారు గానీ దాని వెనక ఉన్నది శుద్ధ ఉసూల్ ప్రశ్న. "సముద్రపు వేట మీకు హలాల్" (మాయిదా 96) అన్నది ఆమ్ అని షాఫిఈలు సముద్రజీవులకు విస్తరించారు. హైదరాబాద్ బార్కస్‌లో షాఫిఈ కుటుంబాలకి అందుకే రొయ్యలతో ఇబ్బంది లేదు. హనఫీల దగ్గర హలాల్ అయ్యింది చేప మాత్రమే. అప్పుడు ప్రశ్న: అరబీలో చేపకి వాడే ‘సమక్’ అన్న మాటలోకి రొయ్య వస్తుందా? వస్తుందన్న హనఫీ ఉలమా (పండితులు) తినొచ్చన్నారు, రాదన్నవాళ్లు వద్దన్నారు. తెలుగులో మనం ‘చేపలు, రొయ్యలు’ అని వేరుగానే అంటాం, నెల్లూరు మార్కెట్లో ఎవర్నడిగినా రొయ్య చేప కాదంటారు. కానీ ఇక్కడ చెల్లేది ఆయతూ హదీసూ వచ్చిన నాటి అరబ్బుల వాడుక. మా ఇంట్లో మేం తింటాం. వద్దనుకునే ఇంటికి వెళ్తే ఆ చర్చ ఎత్తం.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమ్ ఆయతులు రెండు ఎదురెదురుగా వస్తే ఏం చేయాలన్నది పుస్తకంలో చదవడం వేరు, ఒకరి ఇంట్లో చూడడం వేరు. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి నిండు గర్భిణిగా ఉండగా భర్త యాక్సిడెంట్లో పోయాడు. తొమ్మిదో రోజున ఆమె ప్రసవించింది. పుట్టింటికి తీసుకెళ్తామని వాళ్లమ్మ వస్తే అత్తగారు ఒప్పుకోలేదు. నేను వెళ్లేసరికి గోడమీది క్యాలెండర్‌లో నాలుగు నెలల పది రోజులు లెక్కవేసి ఒక తేదీ చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఆమె మొండితనం కాదు అది. కొడుకు పోయిన తల్లి, బఖరా 234 తనకు తెలుసు: భర్తలు చనిపోయిన స్త్రీలు నాలుగు నెలల పది రోజులు ఆగాలి. ఆ ఆయతులో గర్భిణి అని, కాదని విడదీయలేదు, ఆమ్. కానీ తలాఖ్ సూరా 4వ ఆయతు కూడా ఆమ్ మాటే: గర్భిణుల గడువు ప్రసవం. ఈ అమ్మాయి రెండింటి కిందికీ వస్తుంది. ప్రవక్త సహచరుల్లో అలీ, ఇబ్నె అబ్బాస్ (రజి) రెండింట్లో ఏది ఎక్కువైతే అది అన్నారు. ఇబ్నె మస్ఊద్ (రజి), తలాఖ్ సూరా తర్వాత దిగింది కాబట్టి ప్రసవంతో ఇద్దత్ (ఆగాల్సిన గడువు) అయిపోతుందన్నారు. సుబైఆ (రజి) అనే స్త్రీకి సరిగ్గా ఇలాగే జరిగింది. అబుస్సనాబిల్ అనే ఆయన "నాలుగు నెలల పది రోజులు అవ్వాల్సిందే" అంటే, ఆమె తిన్నగా ప్రవక్త (స) దగ్గరికే వెళ్లారు. ప్రసవంతోనే నీ గడువు తీరిందన్నారు ఆయన. నాలుగు మజ్‌హబులూ (హనఫీ, షాఫిఈ లాంటి ధర్మశాస్త్ర సంప్రదాయాలు) ఆ మాట మీదే ఉన్నాయి.

సుబైఆ సంగతి నేను ఆ అత్తగారికి నెమ్మదిగా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవడి బట్టలు తానే సంచిలో సర్ది ఇచ్చారు.

చివరగా, అరబీ రానివాళ్లం ఏం చేయాలన్నారు కదా. ఏ ఆయతు చదివినా ముందు అయిదూ వెనక అయిదూ చదవండి. అదే విషయం ఇంకే సూరాలో ఉందో అనువాదం వెనక విషయసూచికలో చూడండి. ఆ తర్వాతే హదీసు, ఆ తర్వాత తెలిసినవాళ్లు. మొదలుపెట్టడానికి ఒకటి చెప్తాను: ఈ వారం బఖరా 228 చదవండి, తలాఖ్ (విడాకులు) అయిన స్త్రీలు మూడు నెలసరి గడువులు ఆగాలన్నది. వెంటనే అహ్‌జాబ్ 49, తలాఖ్ 4 చదవండి. అప్పుడు ఒక కాగితం మీద, మొదటి ఆయతు కింద ఏ స్త్రీలు మిగిలారో, ఎవరు ఏ ఆయతు వల్ల బయటికి వచ్చారో రాయండి. రాసింది ఇక్కడే పెడితే నేను చూసి చెప్తాను.